తేనెపీకకు తేనె వద్దు

ప్రశ్న: మా బాబుకు ఏడాది పది నెలలు. నేను నాచారం పారిశ్రామికవాడలో ఓ కంపెనీలో పనిచేస్తాను. పగలంతా బాబును మా అత్తగారే చూసుకుంటారు. ఏడ్చినా, నిద్రకు మారాం చేసినా తేనెపీకను తేనెలో ముంచి నోట్లో పెడతారు. ఇప్పుడది లేనిదే వాడు నిద్రపోడు. పై పళ్ల మీద తెల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. వద్దంటే 'నలుగురిని ఇలాగే పెంచాను' అంటారావిడ. నాకిప్పుడు ఆరో నెల. పుట్టబోయే బిడ్డకూ ఇదే అలవాటు చేస్తారేమోనని దిగులుగా ఉంది. ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?
- ఓ సోదరి, నాచారం

జవాబు: అమ్మా, మీ సమస్యలో పీక వేరు, తేనె వేరు. ముందు ఆపాల్సింది తేనెను. అదీ ఈ రోజు నుంచే.

నోట్లోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. తీపి ఎప్పుడో ఒకసారి తింటే లాలాజలం ఆ నష్టాన్ని కొంత సరిచేస్తుంది. గంటల తరబడి తీపి పీక చప్పరిస్తుంటే అందుకు సమయమే దొరకదు. పైగా నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది. మీరు చెప్పిన తెల్లటి మచ్చలు పుచ్చుకు తొలి గుర్తు కావచ్చు. ఆలస్యం చేయకుండా దంతవైద్యునికి చూపించండి. ఈ దశలో ఫ్లోరైడ్ పూతతో ఆపే వీలుంటుంది. 'ఊడిపోయే పాలపళ్లే కదా' అనుకోవద్దు. దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. కొత్త పళ్లకు చోటు కాపాడేవి అవే.

పుట్టబోయే బిడ్డ విషయంలో మరీ జాగ్రత్త. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. పుట్టగానే నాలుకకు రాసే ఆచారం కూడా వద్దు. తేనెలో ఒక్కోసారి బోట్యులిజం కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. వేడి చేసినా అవి చావవు. పసివాళ్ల పేగుల్లో పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. దాంతో మలబద్ధకం, ఏడుపు నీరసించడం, పాలు తాగలేకపోవడం, ఒళ్లు తోటకూర కాడలా వేలాడిపోవడం జరుగుతాయి. 2018లో అమెరికాలోని టెక్సాస్‌లో తేనె నింపిన పీకలు వాడిన నలుగురు పసివాళ్లు ఈ జబ్బుతో ఆసుపత్రి పాలయ్యారు.

ఇక ఉత్త పీక అంత చెడ్డదేమీ కాదు. తల్లిపాలు బాగా అలవాటయ్యాక, నిద్రపుచ్చేటప్పుడు ఇస్తే పసివాళ్లలో ఆకస్మిక మరణాల ముప్పు తగ్గుతుందని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. కానీ ఆకలికి బదులుగా ఇస్తే పాలు తాగడం తగ్గుతుంది. ఆరు నెలలు దాటాక ఎక్కువగా వాడితే చెవిలో చీము పట్టే ఇబ్బంది పెరుగుతుంది. తాడు కట్టి మెడలో వేయడం మరీ ప్రమాదం.

మీ అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. వంట చేస్తూ పిల్లాణ్ని చూసుకునే మనిషికి పీక ఒక ఆసరా. బాబును డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు ఆవిణ్నీ వెంటబెట్టుకెళ్లండి. మీరు పదిసార్లు చెప్పేకన్నా డాక్టర్ ఒక్కసారి చెబితే వింటారు. మీకు ఈఎస్‌ఐ కార్డుంటే నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. ఆ పథకంలో ప్రసూతి సెలవు 2017 నుంచి 26 వారాలు. బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలే పట్టడానికి అది సరిగ్గా సరిపోతుంది. పెద్దవాడి పీక మాత్రం ఇప్పుడే మాన్పించండి. కాన్పయ్యాక, చంటిబిడ్డ వచ్చిన కొత్తలో లాక్కుంటే మరింత పేచీ పెడతాడు.

ప్రశ్న: మా మనవరాలికి నాలుగేళ్లు. రాత్రిళ్లు ఇంకా పీక కావాలంటుంది. నోరు మూసినా ముందు పళ్లు ఒకదానికొకటి ఆనడం లేదు. క్లిప్పులు వేయించాలా?
- ఒక తాతగారు, ఉప్పల్

జవాబు: ఇప్పుడే అక్కర్లేదండీ. పీక మాన్పించడమే మొదటి చికిత్స. అది ఎప్పుడూ పళ్ల మధ్య ఉండటం వల్ల ముందు పళ్లు పూర్తిగా దిగవు. అలవాటు త్వరగా మానితే ఈ సందు చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. కానీ బుగ్గల ఒత్తిడికి పై దవడ ఇరుకైతే మాత్రం అది తేలిగ్గా సర్దుకోదు. అందుకే మూడేళ్లలోపే మాన్పించాలంటారు. ఆరేళ్లకు శాశ్వత దంతాలు మొదలవుతాయి కాబట్టి ఇక జాగు చేయకండి.

పీకకు వేపరసం, కారం రాయకండి. నలుగురిలో వెక్కిరించకండి. నాలుగేళ్ల పిల్లకు చెబితే అర్థమవుతుంది. అద్దంలో ఆ సందు చూపించండి. ఒక రోజు అనుకుని, ఆ రాత్రి నుంచి పీక బదులు మీరే పక్కన కూర్చుని కథ చెప్పండి. నాలుగైదు రాత్రులు ఏడవచ్చు. జాలిపడి మధ్యలో మళ్లీ ఇస్తే, ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటుంది. మానిన ఆరు నెలలకూ సందు తగ్గకపోతే అప్పుడు దంతవైద్యుణ్ని క్లిప్పుల సంగతి అడగండి.