గడ్డ కట్టిందా... బూజు పట్టిందా?

వానలు మొదలైతే చాలు, వంటింట్లో సగం డబ్బాలు మొరాయిస్తాయి. ఉప్పు రాయిలా మారుతుంది. చక్కెర అంటుకుపోతుంది. మిరప్పొడి ఉండ కడుతుంది. ఏదీ పారేయడానికి మనసొప్పని ఇంట్లోనే నేనూ పెరిగాను. కానీ డాక్టరుగా ఒక్క మాట చెబుతాను. గడ్డ కట్టినదాన్ని కాపాడుకోండి, బూజు పట్టినదాన్ని కాదు. మనం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

ఉప్పు, చక్కెర గాలిలో తేమ పీల్చి, మళ్లీ ఆరినప్పుడు గట్టిపడతాయి. బెల్లం తేమ పోయి రాయవుతుంది. వీటిలో చెడిందేమీ లేదు. బెల్లంతో కుస్తీ పట్టకుండా కాసిని నీళ్లు పోసి సన్నటి సెగ మీద కరిగించి వడగట్టండి. ఇసుక, పుల్లలు కూడా పోతాయి. ఇంగువ ముద్దను వేడినీళ్లలో నానబెడితే సరి. పేరుకున్న తేనె సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచండి (ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె నాకించొద్దు). ఉప్పును మూకుట్లో వేయించకండి. తడికి వేడి తోడైతే అందులోని అయోడిన్ కొంత పోతుంది. చిదిపి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోస్తే చాలు.

అసలు గొడవ వేరుశనగ గుళ్లు, మిరప్పొడి, ఎండుకొబ్బరి, మొక్కజొన్నలతోనే. ఓ శ్రావణంలో మా ఇంట్లోనే గుళ్ల డబ్బా అడుగున ఆకుపచ్చని పొడి కనిపించింది. అమ్మ వాటిని చెరిగి, ‘వేయిస్తే అదే పోతుందిలేరా’ అంటూ మూకుడు పెట్టింది. పోదు. ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్ మామూలు వంట వేడికి లొంగదు. బూజు చస్తుంది, విషం మిగులుతుంది. అది కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే కాలేయ క్యాన్సర్‌కు దారితీయగలదు. హెపటైటిస్-బి ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పడితే ఏమవుతుందో 1974లో గుజరాత్, రాజస్థాన్‌ పల్లెల్లో చూశాం. వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని జనం కామెర్ల పాలయ్యారు. వందమందికి పైగా చనిపోయారు. దాన్ని పరిశోధించింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే.

మన డబ్బాల్లో అంత మోతాదు ఉండదు, బెంబేలెత్తకండి. అలాగని ‘పాడైన గింజలు ఏరేశాం కదా’ అనీ అనుకోవద్దు. కంటికి కనబడని బూజు పక్క గింజలోనూ ఉండొచ్చు. ముక్క వాసన వచ్చినా, ఆకుపచ్చ, నలుపు మచ్చలున్నా, మిరప్పొడి ఉండ విరిస్తే లోపల సాలెగూడులా కనిపించినా పారేయడమే. రుచి చూసి తేల్చుకునే పని పెట్టుకోకండి. పసిపిల్లల పాలపొడి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ గడ్డకడితే బూజు లేకున్నా వాడొద్దు.

ఓపీలో నేను ఆడవాళ్లను తరచూ అడుగుతుంటాను: ‘ఇంట్లో పాడైపోతున్నది ఎవరు తింటారమ్మా?’ అని. చాలామంది నవ్వేస్తారు. ఆ నవ్వే జవాబు. కొందరు పనమ్మాయికి ఇచ్చేస్తారు. అది ఇంకా అన్యాయం. పోనీ గేదెకు పెడితే? ఆ విషం పాలల్లో కలిసి మళ్లీ మన గ్లాసులోకే వస్తుంది.

ఆరోజు అమ్మ గుళ్లన్నీ పారబోసింది. మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం వానాకాలంలో పావుకిలోకి మించి తెప్పించడం లేదు.