చెవికి లిపి అడ్డా?

మన బిడ్డలకు తెలుగు చదువరాదని సభలలో నిట్టూర్చుట మనకు పరిపాటి యైనది. తమిళనాట 2006 నాటి చట్టము బడులలో తమిళమును నిర్బంధము చేసినది. లిపి దూరమైనమాట నిజమే. చెవి దూరము కాలేదే! దాసుభాషితమువారు శ్రవణ పుస్తకములు వెలువరించిరి. హర్షణీయము పాడ్‌కాస్టు కథలను, రచయితలతో సంభాషణలను వినిపించినది. మనమెన్నడైన వెదకితిమా? ఫోను ముందుకు త్రోసినదే వినుచున్నాము. అందులో అరుపులే అధికము. రచయిత పేరుతో వెదకవలెను. పది నిమిషములు విని, గొంతు నచ్చనిచో మొగమాటము లేక విడువవలెను. ళకారమును లకారముగా పలుకు చదువరి మన యింటికి వలదు. వినుట చదువు కాదనెడి పెద్దల నొక్కటి అడుగుచున్నాము: హరికథలు విని పెరిగిన మన అవ్వలు ఏ పుస్తకము పట్టిరి? వచ్చు ఆదివారము ప్రతి యింటివారును తాము విని మెచ్చినదాని పేరొక్కటైనను సంఘమునకు తెలుపవలెను.