బజ్జీకి తోడు

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములలో తెల్లవారగనే ఫలహారశాలలముందు జనము గుమిగూడుదురు. ప్రత్తి బస్తాలు మోయు హమాలీలకును, మగ్గము నేయు నేతగాండ్రకును ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ప్రియమైన ఫలహారము. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిపాయలతో తిరుగమోత పెట్టి, పైన పప్పుల పొడి చల్లుదురు. ప్రక్కన వేడి బజ్జీలు పెట్టుదురు.

నేటి బాలబాలికలలో కొందరికి ఈ తోడు చాలుటలేదు. ఉర్లగడ్డ వేపుడు ముక్కలకు వలెనే బజ్జీకిని సీసాలోని టమాటా సాసు కావలెనందురు. అది పరదేశపు వస్తువని పెద్దలు మందలింతురు. ఈ మందలింపు న్యాయమైనది కాదు. మిరపకాయ, వేరుసెనగ, టమాటా, ఉర్లగడ్డ - ఈ నాలుగును అమెరికా ఖండములలో పుట్టినవే. 1498లో పోర్చుగీసువారు ఓడలలో మనదేశమునకు చేరిన పిమ్మటనే మిరపకాయ మనకు లభించినది. అంతకుముందు మన వంటలకు ఘాటునిచ్చినది ముఖ్యముగా మిరియము.

కావున ఒక వస్తువు ఎక్కడనుండి వచ్చినదని గాక, దేనికి తగునని విచారింపవలెను. తియ్యని సాసు మిరపకాయ కారమును, శనగపిండి కమ్మదనమును కప్పివేయును. పప్పుల పొడి యట్లు గాదు; అది నూనె తడిని పీల్చుకొని, కారపు తీవ్రతను తగ్గించి, అసలు రుచిని నిలుపును. అప్పటికప్పుడు నూరిన వేరుసెనగ పచ్చడియు అట్టిదే. ఉర్లగడ్డ ముక్కలపైనను ఆ పొడి చల్లి తిని చూచినచో ఈ మాటలోని నిజము తెలియును.

దూరదేశపు మిరపకాయను మన సొంతము చేసినది ఈ సీమ వంటవారి నేర్పు. ఆ నేర్పును సీసాకు అప్పగించి మరచుట తగదు.