ధడా కట్టని తూనిక

నెయ్యి కొనువారు మొదట ఖాళీ చెంబును త్రాసులో పెట్టించి ధడా కట్టించుకొందురు. అట్లు చేయక తూచినచో చెంబు బరువెంతయో నేతి బరువెంతయో తేల్చి చెప్పుట ఎవ్వరి తరమును కాదు. గెలాక్సీ గుచ్ఛముల చుట్టును పరచుకొన్న అతినీలలోహిత కాంతిని కొలుచుటయందును చిక్కంతయు ఈ ధడాలోనే యున్నది.

వాయుమండలము ఆ కాంతిని పైపైననే మ్రింగివేయును గనుక దానిని చూచుటకు భూమిని విడిచి పోవలెను. అమెరికావారు 1992లో పంపిన ఈ.యు.వి.ఈ. ఉపగ్రహము, కన్యారాశి, కోమా గుచ్ఛములనుండి, అందలి కోట్ల డిగ్రీల వాయువు వెదజల్లదగిన దానికంటె మించిన కాంతి వచ్చుచున్నట్లు చూపగా, 1996లో శాస్త్రజ్ఞులలో పెద్ద చర్చ రేగెను. అది అంతకంటె చల్లని వాయురాశి వెలుగని కొందరనిరి. మహావేగముతో సంచరించు ఎలక్ట్రానులు విశ్వమంతట నిండిన సూక్ష్మతరంగములను తాకి వానికి శక్తినిచ్చుటవలన పుట్టిన వెలుగని మరికొందరనిరి. ఇంతలో, ఆ ఉపగ్రహమునకు ప్రధాన శాస్త్రజ్ఞుడైన స్టూవర్ట్ బోయరును ఆయన సహచరులును, కాంతిని పట్టు ఫలకము అంతటను ఒకే తీరుగా స్పందించుట లేదని గుర్తించి, ఏ గుచ్ఛమును లేని ఆకాశభాగముల చిత్రములను కూర్చి, ఆ హెచ్చుతగ్గులను సరిదిద్ది 1999లో మరల లెక్కింపగా, ఏబెల్ 1795, ఏబెల్ 2199 అను గుచ్ఛములకు ఆరోపింపబడిన అధికకాంతి లేకయే పోయెను. కోమాది మాత్రము నిలిచెను.

పూర్వఫలితములకంటె సత్యమును మిన్నగా ఎంచు ఈ శాస్త్రధర్మము నాకు మిక్కిలి పూజ్యము.

2003లో ఎగసిన గేలెక్స్ దూరదర్శిని కన్యారాశి గుచ్ఛము దిక్కున చూచిన పలుచని వెలుగులోను విశేషభాగము, 5 కోట్ల కాంతి సంవత్సరములకు పైబడిన దూరమునందలి ఆ గుచ్ఛముది గాక, మన పాలపుంతలోనే మేఘరేఖలవలె తేలు ధూళి నక్షత్రకాంతిని చెదరగొట్టుటవలన కలిగినదని తేలినది. ఇంటి ముంగిటి ధూళిని దూరదేశపు దీపమనుకొను ప్రమాదము ఇంత సమీపమున నున్నది.

2015లో శ్రీహరికోటనుండి ఎగిరిన ఆస్ట్రోశాట్ మనకును ఒక అతినీలలోహిత దూరదర్శినిని ప్రసాదించినది. ఇకముందు మనవారు నిర్మించువాని సమయమును పంచిపెట్టు పెద్దలకు నా విన్నపమొక్కటే: గుచ్ఛమును చూచుటకు కాలము నొసగునప్పుడు, దాని ప్రక్కనున్న ఖాళీ ఆకాశమును చూచుటకును అంత కాలమును ఒసగుడు.