ఇంగ్లీషు ఎమ్మే... ఆ తర్వాత?

పోయిన ఆదివారం పొద్దున్నే మా వీధి చివరింటి ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో రంగురంగుల కరపత్రం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర పంచుతుంటారే, అలాంటిదే.

"టీచరమ్మా, మీరే చెప్పాలె. దీని బీయే అయిపోయింది. ఇంగ్లీషు తీసుకుంది. వాళ్ళ నాయిన ఈ కోర్సుల చేర్పిస్తనంటున్నడు. నాలుగు నెలలల్ల ఉద్యోగం గ్యారంటీ అంట. ఇదేమో ఎమ్మే లింగ్విస్టిక్స్ అంటది. నాకు నోరే తిరగదు. అది చదివితే ఏమొస్తది?"

పిల్ల తల వంచుకుని కూర్చుంది. "శుక్రవారం లోపల ఫీజు కడితే డిస్కౌంటట ఆంటీ" అంది మెల్లగా. డిస్కౌంటు పోగా 45,000 రూపాయలు. ఆ ఇంటాయన సూర్యాపేట నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాడు. ఆ డబ్బు ఆయనకి ఎన్ని నెలల మిగులో నేను అడగలేదు.

ఆ తల్లి అడిగిందాంట్లో తప్పు లేదు. ఇరవయ్యేళ్ళుగా డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్న నేనే ఆ ప్రశ్న తప్పించుకున్న రోజులున్నాయి. "ఇంగ్లీషు వస్తే ఎక్కడైనా బతకొచ్చు" అనేస్తాం. ఎక్కడైనా అంటే ఎక్కడ? ఏ గేటు ముందు నిలబడాలి, ఏ కాగితం చూపించాలి? అది మాత్రం చెప్పం.

నాకూ ఎవరూ చెప్పలేదు. నేను ఎమ్మే ఇంగ్లీషు పూర్తి చేసేనాటికి, అంటే 2000 ప్రాంతంలో, ఈ రోడ్డంతా మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ బోర్డులే. అమెరికాలో డాక్టరు రోగిని చూసి టేపులో మాట్లాడితే, అది మనం ఇక్కడ విని టైపు చేసి పంపాలి. "ఇంగ్లీషు ఎమ్మేకి ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారు. నాన్న చీటీ పాడి ఫీజు కట్టారు. ఆరో వారం ఓ సోమవారం వెళ్ళేసరికి షట్టరుకి తాళం. మెట్ల మీద మేం పద్దెనిమిది మందిమి, అందులో పదమూడు మంది ఆడపిల్లలం. రసీదు కూడా లేదు మా దగ్గర.

అయితే ఒకటి చెప్పాలి. ఆ పని అబద్ధం కాదు. మంచిచోట నేర్చుకుని బాగా సంపాదించినవాళ్ళు నాకు తెలుసు. మాట విని రాసే సాఫ్టువేర్లు బాగుపడేకొద్దీ ఆ పని మెషీన్ రాసినదాన్ని దిద్దడంగా మారింది. ఆ తర్వాత కాల్ సెంటర్లు వచ్చాయి. అమెరికా యాస నేర్పుతామని బోర్డులు మారాయి. ఇప్పుడు అవే మేడలకి, అవే ఇరుకు మెట్లకి ఏఐ, డేటా సైన్స్ అని బోర్డులున్నాయి. బోర్డు మారినప్పుడల్లా ఇంగ్లీషు చదివిన అమ్మాయి వీళ్ళకి సులువైన గిరాకీ. ఎందుకంటే నర్సింగు చదివితే నర్సు, బీటెక్ చదివితే ఇంజనీరు. బీయే ఇంగ్లీషు చదివితే? డిగ్రీలో ఉద్యోగం పేరు లేదు. ఆ ఖాళీలో ఎవడో ఒకడు తన కోర్సు పేరు రాసేస్తాడు. ఆ ఖాళీ మనం ముందే నింపుకోవాలి. అదీ డిగ్రీ చివరి సంవత్సరం అయ్యాక కాదు, మధ్యలోనే.

మొదట బడి సంగతి చూద్దాం. చిన్నచూపు చూస్తాం గానీ ఇంగ్లీషు చదివినవాళ్ళకి ఇన్నేళ్ళుగా నిలబడ్డ ఉద్యోగం అదే. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు, అలా పుస్తకాలు వేశారు. అంటే రెండు భాషల్లోనూ పిల్లలకి అర్థమయ్యేలా చెప్పగలిగే టీచరు కావాలి. 2024 డీఎస్సీలో అన్ని రకాల టీచర్లకీ కలిపి 11,062 పోస్టులు వచ్చాయి. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషుకి డిగ్రీలో ఇంగ్లీషు ఒక ప్రధాన సబ్జెక్టుగా వుండాలి, బీఈడీలో ఇంగ్లీషు మెథడాలజీ వుండాలి, టెట్ పాసవ్వాలి. ఇక్కడే మా పిల్లలు బోల్తాపడతారు. టెట్ రెండో పేపరులో ఇంగ్లీషుకి వున్నవి 30 మార్కులు. 60 మార్కులు లెక్కలూ సైన్సూ, లేదా సోషల్. షేక్స్పియర్ని మూడేళ్ళు చదివిన పిల్ల చివరికి సోషల్ పుస్తకం పట్టుకోవాలన్నమాట! ఆ టెట్ మార్కులకే డీఎస్సీలో 20 శాతం వెయిటేజి. ఈ ముక్క డిగ్రీ మొదటి ఏడాదిలో చెబితే ఎంత బాగుండును.

ప్రైవేటు బడుల జీతాల గురించి ఎక్కువ చెప్పను. మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు అక్కడ పనిచేస్తూనే వుంటారు, మీకే తెలుసు.

కాలేజీలో చెప్పాలంటే పీజీ వుండాలి. నోటిఫికేషన్‌లో "ఇంగ్లీషులో పీజీ" అని వుంటే లింగ్విస్టిక్స్ పీజీ దానికి సరిపోతుందని అనుకోవద్దు. చదువులో చుట్టాలేగానీ నోటిఫికేషన్ ముందు ఇవి రెండూ వేరు. నెట్ పరీక్షలో కూడా ఇంగ్లీషుకి కోడు 30, లింగ్విస్టిక్స్‌కి 31. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేసుకుంటూ నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. దానికి వయసు 30 దాటకూడదు గానీ ఆడవాళ్ళకి అయిదేళ్ళ సడలింపు వుంది. పెళ్ళయి, బిడ్డ పుట్టి, చదువు ఆగిపోయి ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. మా కాలేజీలో చెబితే ముగ్గురు పాత విద్యార్థినులు "నిజమా మేడమ్?" అని ఫోన్లు చేశారు.

ఇంతకీ ఆ నోరు తిరగని లింగ్విస్టిక్స్ ఏమిటి? నాలుగైదు భాషలు నేర్చుకోవడం కాదు. భాష ఎలా నడుస్తుందో విప్పి చూడటం. ఆ తల్లికి ఇలా చెప్పాను: "బస్సు వచ్చింది అంటాం, మీ అమ్మాయి వచ్చింది అంటాం. బస్సుకీ పిల్లకీ క్రియ ఒకటే. అదే అబ్బాయయితే వచ్చాడు. మరి ఇద్దరమ్మాయిలయితే? బస్సుల్లాగా వచ్చాయి అనం, మగవాళ్ళతో సమానంగా వచ్చారు అంటాం. ఒక్కతే వుంటే వస్తువుతో జత, ఇద్దరుంటే మనుషులతో జత. ఎందుకలా?" ఆవిడ కాసేపు ఆలోచించి ఫక్కున నవ్వింది. "అవును గదా!" అంది. అదీ లింగ్విస్టిక్స్.

మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు చేసింది ఈ పనే. రైతుల నోట్లో మాటలు ఊరూరా సేకరించి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ పదాల సంపుటం, 1962లో వచ్చింది. ఆయన ఆచార్యుడిగా నిలబెట్టిన ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ మన ఎల్బీనగర్‌కి గంట దూరంలోనే వుంది. దానికి సీపీగెట్ రాయాలి. తార్నాకలోనే ఇఫ్లూ వుంది. 1958లో ఇంగ్లీషు టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి పెట్టిన సంస్థ అది, పాతవాళ్ళు సీఫెల్ అంటారు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాలు ఒకేచోట చెబుతారు. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి హాస్టళ్ళలో వుండి చదివే చోట్లు ఇవి. మన పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ దాటకుండా నాలుగు నెలల కోర్సులో చేరతారు.

దూరం అంటారా? ఎల్బీనగర్ నుంచి నాగోలు పోతే అక్కడినుంచి మెట్రోలో అయిదో స్టేషనే తార్నాక. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టే లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఒకప్పుడు బస్‌పాసు డబ్బుల దగ్గర ఆగిపోయిన చదువులు నేను చూశాను. ఇప్పుడా సాకు లేదు.

ఇప్పుడు కంప్యూటరు మాట. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక "ఇంక ఇంగ్లీషు ఎందుకు, మెషీనే రాస్తుంది గదా" అంటున్నారు. సగం నిజం. తప్పుల్లేని ఇంగ్లీషు ఉత్తరం రాయడం ఇదివరకు ఒక విద్య. ఇప్పుడు దానికి ఎవరూ జీతం ఇవ్వరు. ఉత్త ఇంగ్లీషు మాత్రమే చేతిలో వున్న పిల్లకి ఇది కష్టకాలమే, దాచి లాభం లేదు. కానీ ఆ తల్లి మాటలు మళ్ళీ చూడండి. కూతుర్ని "ఇది" అంది, "అంటది" అంది. మెషీన్‌కి అది ప్రేమో విసుగో తెలియాలి. ఆయన, అతను, వాడు అన్న మూడు మాటలకీ ఇంగ్లీషులో ఒకటే మాట. తిరిగి తెలుగులోకి తెచ్చేటప్పుడు మామగారిని "వాడు" అంటే ఇంట్లో యుద్ధమే! ఇవి చూసి సరిదిద్దేవాళ్ళు, యంత్రానికి నేర్పే పాఠాలు తయారు చేసేవాళ్ళు కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి మొదలుపెట్టింది ఇందుకే. మన ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత మీద ఎప్పటినుంచో పరిశోధన జరుగుతోంది.

అలాగని ఆశలు పెంచను. ఈ పనుల్లో చాలా భాగం ముక్కకింత అని ఇచ్చేవి. ఈ నెల వుంటుంది, వచ్చే నెల వుండదు. పీఎఫ్ వుండదు. ఇంట్లో కూర్చుని చేసే పని అని ఆశపెట్టి ముందుగా డిపాజిట్ అడిగేవాళ్ళయితే దొంగలే. నాలుగు కాలాల పాటు నిలబడాలంటే లింగ్విస్టిక్స్‌తో పాటు కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. ఆ కరపత్రంలోని కోర్సు నాకు పనికిమాలినదిగా తోచలేదు. ఎమ్మే చదువుతూ సాయంత్రాలు, నెలకింత కట్టి నేర్చుకుంటే పనికొస్తుంది. ఎమ్మేకి బదులుగా, ఒకేసారి మొత్తం కట్టి చేరడం మాత్రం నేను ఒప్పుకోను.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఇంకొకటి. ఇంగ్లీషు తీసుకున్న పిల్లలు తెలుగు వదిలేస్తున్నారు, అదేదో గొప్ప అయినట్టు. అనువాదం, పుస్తకాల ఎడిటింగ్, సబ్‌టైటిళ్ళు, ఏది తీసుకున్నా రెండో భాషే అన్నం పెడుతుంది. హిందీ వదలకపోయినా లాభమే. డిగ్రీలో హిందీ చదివి, ఎమ్మే ఇంగ్లీషు చేసి, అనువాదంలో డిప్లొమా వున్నవాళ్ళు కేంద్ర ప్రభుత్వ అనువాద అధికారుల పరీక్షకి అర్హులు. మా కాలేజీలో సెకండ్ లాంగ్వేజ్ ఎంచుకునేటప్పుడు మార్కులు ఎక్కువ పడతాయని సంస్కృతం తీసుకుంటారు. ఈ దారి వుందని వాళ్ళకి తెలియనే తెలియదు.

ఇంటర్‌లో వున్న చెల్లెళ్ళ కోసం ఒక్క మాట. మాట సరిగ్గా రాని పిల్లలకి చికిత్స చేసే స్పీచ్ థెరపీ కూడా భాషకి దగ్గరి చదువే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం వుంది. కానీ ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ వుంటేనే ఆ డిగ్రీలో సీటు. ట్రిపుల్ ఐటీ భాషా సాంకేతికత కోర్సుకి లెక్కలు కావాలి. ఈ రెండు తలుపులూ పదహారేళ్ళకే మూసుకుంటాయి.

మంగళవారం సాయంత్రం ఆ పిల్ల తండ్రే వచ్చాడు. షాపు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కాకి పెయింటు మరక. టీ తాగుతూ అంతా విన్నాడు. "రెండేండ్లు చదివినంక గ్యారంటీ ఏంది మేడమ్?" అన్నాడు.

"గ్యారంటీ లేదండీ. వాళ్ళూ ఇవ్వలేరు, నేనూ ఇవ్వలేను. వాళ్ళు రాసి ఇస్తామంటే రాయించుకోండి. ఫీజుకి రసీదు తీసుకోండి. పిల్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వొద్దు. ఇంట్లో తొందరగా జీతం కావాలంటే ముందు బీఈడీ, ఆ తర్వాత ఎమ్మే. ఆగగలిగితే ముందు ఎమ్మే" అన్నాను.

ఆయన లేచి చెప్పులేసుకుంటూ ఆగాడు. "ఆ టెట్టుల సోషల్ వుంటదంటిరి గదా. మా పెద్దోని పదో తరగతి పుస్తకాలు అటక మీదనే వున్నయి. అమ్మలేదు" అన్నాడు.