మూడవ మూర్తి

ఫుట్‌బాల్ అనగానే మన పిల్లల నోట మెస్సీ, రొనాల్డోల పేర్లు వస్తాయి. అందులో తప్పులేదు. కాని సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టి, ఇటలీ గడ్డమీద ఒలింపిక్స్‌లో రెండు గోల్స్ చేసిన తులసీదాస్ బలరామ్ పేరు చెబితే "ఎవరండీ ఆయన?" అంటారు. వారిని నిందించే అర్హత నాకు లేదు. ఉద్దానం పిల్లలకు తెలుగు చెప్పినంత కాలమూ సందర్భం దొరికితే చాలు, మన వీరఘట్టం కోడి రామమూర్తిగారి బలాన్ని వర్ణించేవాణ్ణి. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి పతకం గెలిచిననాడు తరగతిలో పాఠమే సాగలేదు. బలరామ్ పేరు మాత్రం ఒక్కనాడైనా నా నోట రాలేదు. ఆ లోపమే ఈ టపాకు కారణం.

1936లో ఒక తమిళ కుటుంబంలో పుట్టిన బలరామ్‌ను మెరుగుదిద్దినవారు హైదరాబాదు రహీం సాహెబు. ఆయనా మొదట మావలె బడిపంతులే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో బలరామ్ ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, లాక్విలా పట్టణంలో హంగరీతో 2-1 తేడాతో ఓడినప్పుడు మన ఏకైక గోలు ఆయనదే. పెస్కారాలో పెరూపై చేసిన ఒక్క గోలూ ఆయనదే. ఆ హంగరీ జట్టే చివరకు కాంస్యం గెలిచిందని గుర్తుంచుకుంటే ఆ గోలు విలువ తెలుస్తుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయిలాండుపైనా, జపానుపైనా గోల్స్ చేసి స్వర్ణంలో పాలుపంచుకున్నారు. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు తరఫునా, బెంగాలు తరఫునా గెలిచారు. కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు నూటికి పైగా గోల్స్ చేసి, 1961లో నాయకుడిగా లీగు గెలిపించారు. 1963లో బి.ఎన్.ఆర్. జట్టుకు మారారు. ఆ ఏడే ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను ఆపివేసింది. అప్పటికి ఇరవయ్యేడేళ్ళు నిండాయో లేదో!

చునీ గోస్వామి, పి.కె.బెనర్జీ, బలరామ్‌లను భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులంటారు. గోస్వామికి 1983లోను, బెనర్జీకి 1990లోను పద్మశ్రీ లభించింది. బలరామ్‌కు 1962 నాటి అర్జున తప్ప పద్మ పురస్కారమేదీ రాలేదు. త్రిమూర్తులలో బ్రహ్మకు గుడులు అరుదు కదా! ఢిల్లీవారి మరపును తప్పుపట్టవచ్చు. మరి మన మరపు మాటేమిటి?

"తమిళులకు పుట్టి, బెంగాలులో స్థిరపడినవాడు మనవాడెట్లా?" అని ఒక మిత్రుడు వాదించాడు. మా పూండి మీదుగా పోయే రైలుదారి ఒకప్పుడు బి.ఎన్.ఆర్.దే. ఆ దారినే మనవాళ్ళు ఎందరో ఖరగ్‌పూర్‌కు, కలకత్తాకు కూలికీ కొలువుకీ వెళ్ళారు. అక్కడ పుట్టిన వారి పిల్లల్ని మనవాళ్ళనే అంటున్నాం. పుట్టుక లెక్క చూస్తే బలరామ్ తమిళుడే కావచ్చు, కానివ్వండి. కాని ఆ పిల్లలకు అక్షరం నేర్పిన బెంగాలుకు వారిపై ఎంత హక్కుందో, బలరామ్‌కు ఆట నేర్పిన మన నేలకూ అంత ఉంది. పొట్ట చేతబట్టుకొని పోయినవాణ్ణి పుట్టిన ఊరు మరచి, చేరిన ఊరు పరాయివాడంటే అతడికి మిగిలే ఊరేది? ఈ ప్రశ్న ఉద్దానంలో ప్రతి ఇంటికీ తెలిసినదే.

2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో, ఎనభై ఆరవ ఏట బలరామ్ కన్నుమూశారు. రహీం సాహెబు కథతో 'మైదాన్' అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది. శిష్యుడు దాన్ని చూడలేకపోయారు.

పురస్కారాలు మన చేతిలో లేవు. పేరు చెప్పడం మన చేతిలో ఉంది. మీ వీధిలో బంతి తన్నే పిల్లవాడు కనిపిస్తే, మెస్సీతోబాటు బలరామ్ పేరు కూడా చెప్పండి. నేను తరగతిలో చెప్పలేకపోయినది, కనీసం ఇలాగైనా చెప్పుకున్నాను.