మంచినూనె

“మందుల షాపులో దొరకదా?” అంది అమ్మ.

“దొరకదమ్మా. మందు షాపులో దొరుకుతుంది.”

అమ్మ ఒకసారి నా వైపు, ఒకసారి కిటికీ బయట పొగమంచు వైపు చూసింది. మన భాషలో ఆ రెండు షాపులకీ తేడా ఒక్క ‘ల’. హాలిఫాక్స్‌లో కూడా అంతే. పారాసిటమాల్ అమ్మే చోట సీబీడీ నూనె అమ్మరు. నోవా స్కోషియాలో దాన్ని అమ్మేది ఎన్.ఎస్.ఎల్.సి., అంటే విస్కీ, వైను అమ్మే ప్రభుత్వ సంస్థ. 2018 అక్టోబరు 17న కెనడా గంజాయిని చట్టబద్ధం చేసినప్పుడు మా రాష్ట్రం ఆ అమ్మకం పని కూడా ఈ సంస్థకే అప్పజెప్పింది. 19 ఏళ్ళు నిండిన వాళ్ళెవరైనా వెళ్ళి కొనుక్కోవచ్చు. డాక్టరు కాగితం ఉంటే లైసెన్సున్న కంపెనీల నుంచి పోస్టులో తెప్పించుకునే పద్ధతి వేరే ఉంది.

ఇంతకీ గంజాయి పేరెత్తితే చెవులు మూసుకునే మా అమ్మకి ఈ నూనెతో పనేమిటంటే, మోకాళ్ళు. విజయవాడలో గ్రౌండ్ ఫ్లోరు ఇల్లు. ఇక్కడ మాది రెండంతస్తుల టౌన్‌హౌసు, పడకగదులన్నీ పైన. వచ్చిన వారానికే మెట్ల దగ్గర నిలబడి పైకి చూడ్డం మొదలుపెట్టింది, తిరుమల కొండ కింద నిలబడ్డట్టు. ఆ సంగతి ఫోనులో విని టొరంటో పిన్ని ఒక సీసా పంపింది. “అక్కా, ఇది రాత్రి పూట నాలిక కింద వేసుకో, పొద్దున్నకి చూడు” అని. అమ్మ నాకు చెప్పకుండా ఆరు రోజులు వేసుకుంది. ఏడో రోజు, “ఏమే, ఇది పనిచేస్తున్నట్టు లేదు, మంచి రకం తెచ్చిపెట్టు” అంది. అలా బయటపడింది సంగతి.

సీసా తీసుకుని వెలుతురులో పెట్టి చదివాను. పైన పెద్దక్షరాల్లో ‘హెంప్ ఆయిల్, 1000 మి.గ్రా.’ అనుంది. వెయ్యి మిల్లీగ్రాములు దేనివో రాయలేదు. వెనక సన్నక్షరాల్లో ఒకే ఒక దినుసు: జనపజాతి గంజాయి గింజల నూనె. సీబీడీ అన్న మాట ఎక్కడా లేదు. గింజల నూనె చెడ్డదేం కాదు, వంటకి వాడుకునే నూనె. మన దేశంలో కూడా ఆ గింజల్నీ, వాటి నూనెనీ ఆహారంగా అమ్ముకోవచ్చని 2021లో అనుమతిచ్చారు. కానీ గింజలో సీబీడీ దాదాపు ఉండదు. అది ఉండేది పూతలో, ఆకులో. కొబ్బరికాయ నూనె కొనమంటే కొబ్బరిపీచు కొనుక్కొచ్చినట్టన్నమాట. పిన్ని దాన్ని ఆన్‌లైన్‌లో కొంది. అందులో పిన్ని తప్పేం లేదు, ఆ రాత ఎవరినైనా మోసం చేస్తుంది.

ఆ సాయంత్రం అమ్మకి కొంచెం పాఠం చెప్పాల్సి వచ్చింది. మీకు కూడా చెప్తాను, తెలిసినవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. గంజాయి మొక్కలో ఉండే రసాయనాల్లో ముఖ్యమైనవి రెండు. టీహెచ్‌సీ మత్తెక్కిస్తుంది. సీబీడీ ఆ రకం మత్తెక్కించదు. ఇజ్రాయెల్‌లో రఫేల్ మెషూలమ్ అనే శాస్త్రవేత్త 1963లో సీబీడీ నిర్మాణాన్నీ, మరుసటేడు టీహెచ్‌సీ నిర్మాణాన్నీ తేల్చాడు. అయితే ఈ మొక్క మందుగా పాశ్చాత్యుల కంటపడింది మన దగ్గరే. 1839లో కలకత్తాలో విలియం ఓషానెసీ అనే డాక్టరు తన ప్రయోగాలు ప్రకటించాడు, అందులో ఫిట్స్ వస్తున్న ఒక పసిగుడ్డుకి గంజాయి టింక్చరు ఇచ్చిన సంగతి కూడా ఉంది. విచిత్రం ఏమిటంటే, దాదాపు నూట ఎనభై ఏళ్ళ తర్వాత, 2018లో, సీబీడీని మందుగా అమెరికా ప్రభుత్వం మొదటిసారి ఆమోదించింది కూడా పిల్లల్లో వచ్చే అరుదైన మూర్ఛలకే.

మర్నాడు క్లైడ్ స్ట్రీట్‌లో ఉన్న ఎన్.ఎస్.ఎల్.సి.కి వెళ్ళాను. ఇంటర్నెట్‌లో కొనకుండా అంతదూరం ఎందుకంటే, 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 84 సీబీడీ సరుకులు కొని ల్యాబులో పరీక్షిస్తే, సీసా మీద రాసినంత సీబీడీ సరిగ్గా ఉన్నవి 31 శాతమే. కొన్నిట్లో తక్కువ, ఎక్కువ వాటిల్లో రాసినదానికన్నా ఎక్కువ. 18 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా దొరికింది. మోకాళ్ళ నొప్పికని వేసుకుని, సంగతి తెలియకుండా మత్తులో మెట్లెక్కితే ఏమౌతుందో ఊహించుకోండి.

షాపులో సీసాలన్నీ ఒకే తీరుగా, బోసిగా ఉన్నాయి. చట్టం అలంకారాలు ఒప్పుకోదు. ఏం చూడాలో ముందే ఒక కాగితం మీద రాసుకున్నాను. మొదటిది, ప్రభుత్వం వేసిన ఎక్సైజు స్టాంపు. అది ఉంటే సరుకు లైసెన్సున్న కంపెనీ నుంచి వచ్చినట్టు. రెండోది, ఎర్రటి అష్టకోణంలో గంజాయి ఆకు బొమ్మ. గ్రాముకి 10 మైక్రోగ్రాముల కన్నా ఎక్కువ టీహెచ్‌సీ ఉన్న ప్రతి సరుకు మీదా అది ఉండి తీరాలి. సీబీడీ నూనె అని పేరున్నంత మాత్రాన ఆ బొమ్మ ఉండదనుకోకండి. మొక్క సారం మొత్తంగా తీసిన నూనెల్లో కొంత టీహెచ్‌సీ ఉంటుంది. అన్నీ తీసేసి సీబీడీ ఒక్కటే మిగిల్చినదాన్ని ‘ఐసొలేట్’ అంటారు. మత్తు భయం ఉన్నవాళ్ళకి, డ్రైవింగు చేసేవాళ్ళకి, ఆఫీసులో మూత్ర పరీక్షలు చేసేవాళ్ళకి ఈ తేడా ముఖ్యం.

మూడోది లెక్క. సీసాలో మొత్తం ఎంతుందన్నది కాదు, ఒక మిల్లీలీటరులో ఎంతుందో చూడాలి. 30 మిల్లీలీటర్ల సీసాలో 600 మిల్లీగ్రాములుంటే మిల్లీలీటరుకి 20. అదే 600 చిన్న సీసాలో ఉంటే అరచుక్క తేడా కూడా పెద్ద తేడా అవుతుంది. రెండు సీసాల ధర పోల్చాలన్నా మిల్లీగ్రాము లెక్కనే పోల్చాలి. నాలుగోది, బ్యాచి నంబరు, ప్యాకింగు తేదీ. ఆ నంబరుతో కంపెనీని ల్యాబు రిపోర్టు అడగొచ్చు. అందులో చూడాల్సింది సీబీడీ ఎంతన్నదే కాదు. ఈ మొక్క నేలలో ఉన్న సీసం, కాడ్మియం లాంటి లోహాల్ని బాగా పీల్చుకుంటుంది. కాబట్టి లోహాలు, పురుగుమందులు, బూజు, సారం తీయడానికి వాడిన ద్రావకాల అవశేషాలు, ఇవన్నీ పరీక్షించారా లేదా అన్నది చూడాలి. అసలు రిపోర్టే ఇవ్వని కంపెనీ సరుకు ముట్టుకోవద్దు. ఐదోది, ఏ నూనెలో కలిపారన్నది. ఎక్కువగా కొబ్బరి నుంచి తీసిన ఎమ్.సి.టి. నూనె వాడతారు.

కౌంటరులో ఉన్న అబ్బాయిని, “మోకాళ్ళ నొప్పికి ఏది మంచిది?” అని అడిగాను. చాలా మర్యాదగా, “ఆరోగ్యం గురించి మేం సలహా చెప్పకూడదండీ. ఏ సీసాలో ఎంతుందో మాత్రం చెప్పగలను” అన్నాడు. అప్పుడు నాకది చాదస్తంలా అనిపించింది. కాగితం చూసుకుంటూ, ఎర్రబొమ్మ లేని ఒక సీసా కొని ఇంటికొచ్చాను. పరీక్షలో ఫస్టు వచ్చినంత గర్వంగా ఉంది.

ఆ రాత్రి వెయ్యలేదు. ఎందుకంటే సిరంజిలో ఎంత తీయాలో తెలియలేదు. కెనడా ఆరోగ్య శాఖ నియమించిన నిపుణుల సంఘం 2022లో ఇచ్చిన నివేదికలో రోజుకి 20 నుంచి 200 మిల్లీగ్రాములు, ముప్ఫై రోజులకి మించకుండా అయితే ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకి ఫరవాలేదని ఉంది. ఇరవైకీ రెండొందలకీ మధ్య ఎక్కడ నిలబడాలి? అడుగుదామని పొద్దున్నే మా వీధి చివర ఫార్మసీకి వెళ్ళాను. ఈసారి ‘ల’ ఉన్న షాపు.

ఫార్మసిస్టు సీసా చూసింది. “మంచిదే” అంది. తర్వాత, “మీ అమ్మగారు ఇంకేం మందులు వాడుతున్నారు?” అంది.

నేను నిలబడిపోయాను. అమ్మకి గుండెలో వాల్వు మార్చి పన్నెండేళ్ళయింది. లోహపు వాల్వు. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం రక్తం పలచబడే మాత్ర. ఇక్కడికొచ్చేటప్పుడు ఆరు నెలలకి సరిపడా తెచ్చుకుంది. ఆ డబ్బా మా వంటింట్లో ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది, రోజూ నా చేత్తోనే తీసిస్తాను. అయిదు సంగతులు రాసుకున్న కాగితంలో అది లేదు.

ఆవిడ నెమ్మదిగా వివరించింది. మనం మింగే చాలా మందుల్ని లివరులో కొన్ని ఎంజైములు కరిగించి బయటికి పంపిస్తాయి. సీబీడీ ఆ ఎంజైముల్లో కొన్నిట్ని అడ్డుకుంటుంది. దాంతో మాత్ర ఒంట్లోంచి పోవలసినంత త్వరగా పోదు, పేరుకుంటుంది, రక్తం మరీ పలచనవుతుంది. వార్ఫరిన్ మీదున్న ఒక మూర్ఛరోగికి సీబీడీ మొదలుపెట్టాక, వార్ఫరిన్ దాదాపు 30 శాతం తగ్గించాల్సి వచ్చిందని డాక్టర్లు రాశారట. అమ్మ వాడేది వార్ఫరిన్‌కి చెల్లెలు లాంటి మందు. అక్కడ డాక్టర్లు కనిపెట్టుకుని ఉండి, రక్తం పరీక్షలు చేస్తూ తగ్గించారు. ఇక్కడ కనిపెట్టుకుని ఉండేది నేను. అమ్మకి తర్వాతి పరీక్ష ఇంకా మూడు వారాలుంది. ఈలోగా మెట్ల మీద కాలు జారి తల తగిలితే?

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. టొరంటో నుంచి వచ్చిన నాసిరకం నూనె అమ్మని ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే అందులో ఏమీ లేదు. నేను ఏరికోరి తెచ్చిన సిసలైన సరుకే ముంచేది. అంటే దొంగ సరుకే నయమని కాదు. అందులో ఏముందో తెలియదు కాబట్టి ఆ ఆరు రోజులూ గడిచింది మా అదృష్టం. కానీ ‘ఏ నూనె మంచిది?’ అని సీసాని అడిగినన్ని ప్రశ్నలు నేను అమ్మని అడగలేదు. మంచి నూనె ఎవరికి అన్న ప్రశ్న లేకుండా మంచి నూనె అనేదే లేదు. రక్తం పలచబడే మాత్రలు, ఫిట్స్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు, లివరు జబ్బులున్నవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టరునో ఫార్మసిస్టునో అడగాలి, సీసా సంగతి తర్వాత.

అసలు మోకాళ్ళకి ఇది పనిచేస్తుందా అన్నది కూడా అప్పుడే వెతికాను, అంటే చివర్లో! వియన్నాలో మోకీళ్ళు అరిగిన 86 మందిని రెండు జట్లుగా చేసి, పారాసిటమాల్‌తో పాటు ఒక జట్టుకి రోజుకి 600 మిల్లీగ్రాముల సీబీడీ, రెండో జట్టుకి ఉత్త మాత్రలు ఎనిమిది వారాలిచ్చారు. 2023లో ఫలితం వచ్చింది. నొప్పి తగ్గడంలో రెండు జట్లకీ తేడా కనబడలేదు.

“పోనీ ఇంటికి తీసుకెళ్తాను, మీ అత్తయ్యకి పనికొస్తుంది” అంది అమ్మ, డబ్బులు పోయాయన్న బాధతో. ఆ మాట వినగానే నాకు రెండోసారి గుండె ఆగింది. సీబీడీ అయినా సరే, గంజాయి సరుకు ఏదీ కెనడా సరిహద్దు దాటించకూడదు, బయటికీ లోపలికీ కూడా. ఇక దిగేచోట మన మాదకద్రవ్యాల చట్టం, 1985 నాటిది, సిద్ధంగా ఉంటుంది. వేసవి సెలవులకి వచ్చి వెళ్ళే అమ్మానాన్నల సూట్‌కేసులు సర్దేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

సీసా ఇప్పుడు పై అరలో తాళం వేసి ఉంది. ఫార్మసిస్టు ఫిజియోథెరపీకి వెళ్ళమని చెప్పింది. కుర్చీలో కూచుని కాలు చాచి, పదంకెలు లెక్కపెట్టి దించడం అమ్మకి నేర్పించారు. అమ్మ అంకెలకి బదులు విష్ణువు నామాలు లెక్కపెడుతుంది. కింద హాల్లోనే మంచం వేశాం, ఆ పని మొదటి రోజే చెయ్యాల్సింది.

నిన్న రాత్రి, “ఏమే, కాస్త మంచినూనె వెచ్చబెట్టి తీసుకురా” అంది. నేను ఉలిక్కిపడ్డాను. మా ఇంట్లో మంచినూనె అంటే నువ్వుల నూనె. గిన్నెలో వెచ్చబెట్టి తెచ్చి, కింద కూచుని రెండు మోకాళ్ళకీ రాశాను. నొప్పి తగ్గిందా అని అడిగాను.

“తగ్గలేదులే. అయినా రాయి” అంది.